బెండకాయ గుర్తుకు ఓటెయ్యొద్దు

మొగదిబ్బపాలెం,
మార్చి 18.

అక్కా,

ముందు కూర్చో. నిలబడి చదివితే నవ్వుతూ కింద పడతావు, ఆ నేరం కూడా నా మీదకే వస్తుంది. నేను ఎమ్మెల్యేగా పోటీ చేస్తున్నాను.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. నా ఫోను నా దగ్గర లేదు. పెద్ద పార్టీ మండల ఇన్‌చార్జి కిశోర్ దగ్గర ఉంది. నేను పోటీ చేస్తున్నది ఆ పార్టీ మీదే. మరి నా ఫోను వాళ్ల దగ్గర ఎందుకుందో మొదటినుంచీ చెబుతాను.

మన రాష్ట్రంలో పార్టీ అంటే ఇప్పుడు ఒకటే కాబట్టి దాని పేరు రాసి సిరా ఖర్చు చెయ్యను. అసెంబ్లీలో మిగిలిన ప్రతిపక్షమంతా ఒక షేర్ ఆటోలో పడుతుంది. మన దగ్గర ప్రతిసారీ నిలబడి ఓడిపోయే ఆయన ఒకడుండేవాడు కదా, ఆయన కూడా పోయిన వారం పెద్ద పార్టీ కండువా కప్పుకున్నాడు. ఇండిపెండెంటుగా వేస్తామన్న ఇద్దరినీ పిలిచి వాళ్లకూ కప్పారు. ఇప్పుడు మన ఎమ్మెల్యే గారికి ఎదురు నిలబడేవాడు లేడు. దాంతో ఆయనకు దిగులు పట్టుకుంది.

ఆ దిగులేమిటో మన ఊరి పెద్దకాపు ముత్యాలయ్య మామ ఊరందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. "పోటీ లేకుంటే ఓట్లు పడవు. ఓట్లు పడకుంటే మెజారిటీ యాడుంటది? మెజారిటీ చూపించకుంటే మంత్రి పదవి యాడుంటది? ఆయనకి ఎదురు నిలబడేదానికి ఒక మనిషి కావాలంట. మన ఊరినించి ఇమ్మన్నాడు." బదులుగా మన ఉప్పుటేరు మొగలో పూడిక తీయిస్తానని ఎమ్మెల్యే గారు మాటిచ్చారట.

నువ్వు ఊరికి వచ్చి రెండేళ్లయింది కాబట్టి మొగ సంగతి చెబుతున్నా. ఏరు సముద్రంలో కలిసే చోట ఇసుక పెరిగి నీళ్లు మోకాలి లోతుకు వచ్చేశాయి. పడవ బయటికి పోవాలన్నా లోపలికి రావాలన్నా అందరం దిగి తోయాల్సిందే. పోయిన కార్తీకంలో చిన్నపోలయ్య పడవ అక్కడే అలకు తిరగబడి వాడి నడుము మీద పడింది. ఇప్పుడు వాడు గోడకు ఆనుకుని వలలు కుడుతున్నాడు. ఇంకొకడు అలా కూర్చోకముందే ఆ ఇసుక తీయించాలి. అందుకే ఒప్పుకున్నాను. గొప్ప కోసం ఒప్పుకోలేదని అనను. అది కూడా కొంచెం ఉంది.

ఇంతమందిలో నేనే ఎందుకంటావా? ఊళ్లో చొక్కా ఇస్త్రీ చేసుకునేది నేనొక్కణ్ణే. ఇంటర్ రెండుసార్లు తప్పాను కాబట్టి చదువుకున్నవాళ్ల లెక్కలోకి వస్తాను. మీటింగుల్లో లేచి మాట్లాడతాను. నా మాట ఎవరూ వినరు. ఇన్ని అర్హతలున్నవాడు ఇంకొకడు దొరకలేదు.

ఆ తర్వాత ముత్యాలయ్య మామ అమ్మవారి గుడి ముందు నిలబడి ఊరి కట్టుబాటుగా దురాయి చాటాడు. మన ఊళ్లో ఒక్క ఓటు కూడా గంగులయ్యకు పడకూడదు, పడితే మనం మాట తప్పామని ఎమ్మెల్యే గారు మొగ వదిలేస్తారు. దురాయి దాటిన ఇంటివాళ్లను ఎవరూ పడవ ఎక్కించుకోరు, వాళ్ల చేప రేవులో ఎవరూ కొనరు. అందరూ కర్పూరం ఆర్పి ప్రమాణం చేశారు. నేనూ చేశాను. నా ఓటు నాకు వేసుకోనని ప్రమాణం చేసిన అభ్యర్థి దేశంలో ఇంకెవరైనా ఉంటే నాకు రాయి, కలిసి ఫోటో దిగుతాం. ఎవరైనా నా మనసు మార్చేస్తారేమోనని ఓట్లయ్యేదాకా నా ఫోను కిశోర్ తీసి పెట్టుకున్నాడు. నీ ఓటు ఇంకా మన ఊరి జాబితాలోనే ఉంది కాబట్టి ఈ దురాయి నీకూ తగులుతుంది.

నీ తమ్ముడు,
గంగులయ్య


సూళ్లూరుపేట,
మార్చి 25.

ఒరే గంగులూ,

కూర్చునే చదివాను. అయినా కుర్చీ కాలు విరిగింది. మీ బావకు చదివి వినిపిస్తే, "వాడు గెలిస్తే నేను ఎమ్మెల్యే బావనైపోతానా?" అని టిఫిన్ బండి దగ్గర అట్టు మాడబెట్టాడు. ఓడిపోయేందుకే నిలబెట్టారని చెప్పాక స్థిమితపడ్డాడు. చేతనైన పనికే ఒప్పుకున్నాడు, పర్వాలేదన్నాడు.

నిన్ను వెక్కిరించే అర్హత నాకూ లేదులే. నేనిక్కడ పొదుపు గ్రూపు లీడర్ని కదా, ఏ మీటింగుకైనా మా ఆడవాళ్లను బస్సెక్కించి తీసుకుపోవడం నా పనే. ఎవరికి జై కొట్టాలో మైకు పట్టుకున్నవాడు చెప్పేదాకా మాకు తెలియదు. పోయిన నెల ఒక పెద్దమనిషి కరెంటు చార్జీలు పెంచుతున్నామని చెబితే అందరికంటే ముందు మా గ్రూపే చప్పట్లు కొట్టింది. మొదలుపెట్టింది నేనే. పక్కనున్న కరుణాకుమారి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

అయినా అక్కను కాబట్టి ఒక మాట అడుగుతాను. ఊరు వెయ్యదు, సరే. నీకు నువ్వు కూడా వేసుకోకపోతే నువ్వు నిలబడ్డట్టా, నిన్ను పాతినట్టా? కర్పూరం మీద చెయ్యి పెట్టేటప్పుడు నీకేమీ అనిపించలేదా? లోపల అట్టముక్క చాటున ఏ బటన్ నొక్కావో చూసేదెవరు? ఒక్క ఓటుకు ఎమ్మెల్యే గారి మెజారిటీ చిరిగిపోదు. నీ ఓటు నీకు వేసుకో.

నా ఓటు సంగతి నువ్వు తలుచుకోనక్కర్లేదు. అంత దూరం వచ్చి ఆయనకు వేసే తీరిక నాకు లేదు.

వనజాక్షి


మొగదిబ్బపాలెం,
ఏప్రిల్ 28.

అక్కా,

గుర్తు వచ్చింది. బెండకాయ. చేపలు పట్టేవాడికి బెండకాయ ఏమిటని అడిగాను. మిగిలినవి ఇదీ, చెప్పుల జతా అన్నారు. చెప్పులు చూపించుకుంటూ జనంలోకి వెళ్లే ధైర్యం నాకు లేదు.

ప్రచారం జోరుగా ఉంది. నన్ను ప్రతిపాదిస్తూ సంతకాలు పెట్టినవాళ్లంతా పెద్ద పార్టీవాళ్లే. జీపు, మైకు కూడా వాళ్లవే. డ్రైవరు పొద్దున వాళ్ల జెండా కట్టుకుని తిరుగుతాడు, మధ్యాహ్నం దాన్ని మడిచి సీటు కింద పెట్టి నా కోసం వస్తాడు. వాళ్లను నేను తిట్టాల్సిన తిట్లు కూడా కిశోరే రాసిస్తాడు. రోడ్లు బాగాలేవని చెప్పొచ్చట, ఏ రోడ్డో చెప్పకూడదట. ఒకరోజు నేను ఉత్సాహం పట్టలేక గొంతు పెంచాను. మరునాటి కాగితంలో ఆ తిట్టు లేదు.

ఒక్క ఓటు గురించి రాశావు కదా. ఇక్కడే నీ తెలివి బయటపడింది. మన ఊరి మిషన్లో బెండకాయకు ఒక్క ఓటే పడితే అది ఎవరిదో కనిపెట్టడానికి పోలీసు కుక్క కావాలా? సున్నా వస్తేనే నేను మర్యాదగా బతుకుతాను.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. మొన్న వెంకటాచలంలో హైవే పక్కన మీటింగు. మీటింగంటే టీ బంకు దగ్గర ఆగినవాళ్లే. నేను మైకు అందుకునేసరికి గాలికి కాగితం ఎగిరి ఒక లారీ కిందికి పోయింది. కిశోర్ దానికోసం పరిగెత్తాడు. ఏం మాట్లాడాలో తెలియలేదు. తెలిసింది ఒకటే కాబట్టి మొగ గురించి చెప్పాను. చిన్నపోలయ్యను నీళ్లలోంచి లాగి తడికె మీద పడుకోబెట్టి మోసుకొచ్చాం కదా, అంబులెన్సు ఏటికి అవతలే ఆగిపోయింది కదా, అదంతా చెప్పాను. వాడు దారి పొడుగునా నొప్పి అనలేదు, వల తెగిందా అని అడిగాడని చెప్పాను.

టీ తాగుతున్నవాళ్లు గ్లాసులు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయారు. నేను ఆపేశాక చప్పట్లు కొట్టారు. అవి బస్సులో తెచ్చిన చప్పట్లు కావక్కా. కిశోర్ ముఖం మాత్రం మాడిపోయింది. "అన్నా, ఇంకోసారి ఇట్టా నిజంగా మాట్లాడబాక" అన్నాడు.

అప్పటినుంచీ నా నడక మారిందని నీ మరదలు మాలకొండమ్మ అంటోంది. రేవులో వలలు బాగుచేసుకునేవాళ్లకు నేను చెయ్యి ఊపుకుంటూ పోయానట. ముందు ఆ చేత్తో ఇంట్లోకి నీళ్లు తెమ్మంది. తెచ్చాను. తెచ్చేటప్పుడు కూడా బిందె పట్టుకోని చెయ్యి కొంచెం ఊపాను.

గంగులయ్య


సూళ్లూరుపేట,
మే 3.

గంగులూ,

నువ్వు రాయకముందే నాకు తెలిసింది. ఎవరో తీసిన వీడియో మా గ్రూపుల్లోకి వచ్చింది. అది వచ్చిన గంటకే మా పైవాళ్లు ఫోన్ చేసి, ఆ బెండకాయ మనిషి మాటలు ఖండిస్తూ సెంటరులో నినాదాలివ్వాలన్నారు. వాడు నా తమ్ముడని వాళ్లకు తెలియదు. నేను చెప్పలేదు. చెప్పకపోగా, "ముదిరిన బెండకాయ మాకొద్దు" అనే నినాదం నేనే కట్టాను. బాగా కుదిరిందని మెచ్చుకున్నారు. పక్క ఊళ్లకు కూడా పంపారట.

సెంటరులో అరిచి వచ్చి వంటింట్లో కూర్చుని ఆ వీడియో మళ్లీ పెట్టుకున్నాను. చిన్నపోలయ్య వల తెగిందా అని అడిగిన చోట నాకు ఏడుపు ఆగలేదు. వాడు నాతోపాటు ఉప్పుటేట్లో పీతలు పట్టినవాడు. వాడి నడుము పోయిందని నాకు తెలుసు. వాడు ఏమన్నాడో నువ్వు మైకులో చెప్పేదాకా తెలియదు. నేను అడగలేదు.

ముత్యాలయ్య మామ ఫోన్ చేశాడు. కాగితం చూసే మాట్లాడమని నీకు గట్టిగా రాయమన్నాడు. రాశాను. కాగితం చూసే మాట్లాడు. అది ఆయన మాట.

ఇక నా మాట. ఆ మొగ కోసమే ఓడిపోతున్నానంటున్నావు. మరి ఆ మొగ గురించి అసెంబ్లీలో మాట్లాడేదెవరు? మన ఎమ్మెల్యే గారు అక్కడ నోరు తెరిచింది ఆవలించేందుకే. నవ్వులాటకు అడగడం లేదు, నిజంగా అడుగుతున్నా. నీకేం కావాలి? నువ్వు చెప్పుకోకపోతే నీకు నువ్వైనా తెలుసుకో.

వనజాక్షి


మొగదిబ్బపాలెం,
మే 9.

అక్కా,

నాకేం కావాలో ఆలోచించే తీరిక ఊరు నాకివ్వలేదు. ఈ వారమంతా మన ఊళ్లోనే ప్రచారం చేశాను. నాకు వ్యతిరేకంగా.

వీడియో ఎమ్మెల్యే గారి దాకా పోయింది. ఆయన ఒక ప్రొక్లెయిన్ పంపి మొగ పక్కన ఇసుక దిబ్బ మీద నిలబెట్టించారు. ఓట్ల లెక్కింపు కాగానే అది పని మొదలుపెడుతుంది, మీ ఊరి ఓట్లు సరిగ్గా ఉంటేనే అని కబురు. ఊరు మళ్లీ కూర్చుంది. జనం మనసు కదిలిందేమోనని ముత్యాలయ్య మామకు అనుమానం. "నీ నోటితో చెడిపినావు, నీ నోటితోనే బాగుచెయ్యి. ఇల్లిల్లూ తిరిగి నీకు ఎయ్యొద్దని చెప్పు" అన్నాడు.

సరేనని బయల్దేరాను. వేట నిషేధం రోజులు కదా, మగవాళ్లూ ఆడవాళ్లూ అందరూ ఇళ్లల్లోనే ఉన్నారు. నేను గడపలో నిలబడి, "నాకు ఓటెయ్యొద్దు" అనగానే లోపలికి రమ్మన్నారు. కుర్చీ వేశారు. మజ్జిగ ఇచ్చారు. మొదటి రోజు నాకు అర్థం కాలేదు. రెండోరోజు అర్థమైంది. మన ఊళ్లో ఓటు గురించి మాట్లాడడానికి ఇంతవరకు ఎవరూ ఏ ఇంట్లోనూ అడుగు పెట్టలేదు. ఏ అభ్యర్థి వచ్చినా ముత్యాలయ్య మామ అరుగు మీద కూర్చుని కొబ్బరినీళ్లు తాగి పోతాడు, ఆయన అటు చెబితే ఓట్లన్నీ అటు పడతాయి. గుమ్మంలోకి వచ్చిన మొదటి అభ్యర్థిని నేనే. వచ్చి వద్దని చెబుతున్నాను.

ఓటు అడిగేవాడి దగ్గర మనుషులు జాగ్రత్తగా మాట్లాడతారు. వద్దనేవాడి దగ్గర జాగ్రత్త ఎందుకు? పింఛను ఆగిన సంగతి, బావిలోకి ఉప్పునీళ్లు వచ్చిన సంగతి, కోడలు అలిగిన సంగతి కూడా చెప్పారు. విన్నాను. విని, అయినా నాకు వెయ్యొద్దని చెప్పి లేచాను.

చిన్నపోలయ్య వాళ్ల ఇంట్లో చిట్టవ్వ నన్ను లేవనివ్వలేదు. కొడుకు పక్కనే కూర్చోబెట్టింది. వాడి నడుము ఎలా ఉందని అడిగాను. వాడు చెప్పుకుంటూ పోయాడు. అంతా అయ్యాక చిట్టవ్వ, "ఎయ్యకూడదంటుండావు, బాగానే ఉండాది. నాకు చూపు ఆనదు. పొరపాటున నీదే నొక్కితే ఎట్టా? ఆ మిషన్లో నీది యాడుంటదో చూపించు నాయనా" అంది. నిజమే కదా అనిపించింది. నేల మీద బొగ్గుతో గీసి చూపించాను. పైది ఆయనది, రెండోది నాది, దాని పక్కన బెండకాయ ఉంటుంది, దాని జోలికి పోవద్దు అన్నాను. అది మంచి పద్ధతిగా తోచి, మిగతా ఇళ్లల్లో కూడా, చివరికి మన ఇంట్లో కూడా, అడగకుండానే గీసి చూపించాను.

ముత్యాలయ్య మామ మెచ్చుకున్నాడు. ఇంత నమ్మకంగా ఓడిపోయే మనిషిని చూడలేదన్నాడు. మాలకొండమ్మ మాత్రం మన నేల మీది బొగ్గు గీత చెరపలేదు. దాన్ని తప్పించుకుని చుట్టూ ఊడుస్తోంది.

గంగులయ్య


సూళ్లూరుపేట,
మే 13.

గంగులూ,

పోలింగుకు నేను రావడం లేదు. ఆ రోజు ఇక్కడ గ్రూపు పని ఉంది, బావకు బండి దగ్గర తోడెవరూ లేరు, నాకు మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. ఇన్ని కారణాలెందుకు చెబుతోందని అనుమానపడకు.

నీ ఓటు నీకు వేసుకో. ఇక చెప్పను.

వనజాక్షి


మొగదిబ్బపాలెం,
మే 20.

అక్కా,

పోలింగు అయిపోయింది. పొద్దున్నే అందరికంటే ముందు వెళ్లి వేసి వచ్చాను. బూత్‌లో నా తరఫున కూర్చున్న ఏజెంటు కిశోర్ బావమరిది. నన్ను చూసి లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. అభ్యర్థిగా నాకు దొరికిన మర్యాదల్లో అది ఆఖరిది.

తర్వాత రోజంతా జీపులో తక్కిన బూత్‌లన్నీ తిప్పారు. సాయంత్రం వచ్చేసరికి మన ఊరి మనుషులు రోజూ లాగే మాట్లాడుతున్నారు, కాకపోతే నన్ను చూడగానే మాట మార్చారు. చిన్నపోలయ్యను కుర్చీలో మోసుకెళ్లి ఓటు వేయించారట. మొగ మాట అటుంచు, ముందు వాడు గుమ్మం దాటాడు.

నేనెవరికి వేశానో నువ్వు అడుగుతావు. అడగొద్దు. లెక్కింపు అయ్యేదాకా ఆ సంగతి వదిలెయ్. ప్రొక్లెయిన్ దిబ్బ మీదే ఉంది. డ్రైవరు దాని నీడలో చాప వేసుకుని పడుకుంటున్నాడు.

గంగులయ్య


సూళ్లూరుపేట,
మే 26.

గంగులూ,

అడగొద్దన్నావు. అడగను. నువ్వు కూడా నన్నేమీ అడగొద్దు.

బావ కొత్త కుర్చీ కొన్నాడు. మాలకొండమ్మను అడిగానని చెప్పు. నా గురించి ఆమె ఏమైనా అంటే నమ్మకు.

వనజాక్షి


మొగదిబ్బపాలెం,
జూన్ 9.

అక్కా,

ఓడిపోయాను. ఇందులో వార్తేమీ లేదు. ఎమ్మెల్యే గారి మెజారిటీ అంకె చదవడానికి కిశోర్ మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకోవాల్సి వచ్చింది. రాష్ట్రంలో ఆ షేర్ ఆటో కూడా ఇప్పుడు నిండడం లేదు. నా ఫోను నాకు తిరిగి ఇచ్చేశారు. అందులో నీకు ఫోన్ చేసి చెప్పొచ్చు. కానీ ఇది చెబుతున్నప్పుడు నీ గొంతు వినే ధైర్యం లేక రాస్తున్నాను.

మన ఊరి మిషన్ తెరిచినప్పుడు లెక్కపెట్టేవాళ్లు రెండుసార్లు చూసుకున్నారు. బెండకాయకు ఎమ్మెల్యే గారికంటే ఎక్కువ వచ్చాయి. ఏదో పది పన్నెండు కాదు, ఊళ్లో మూడొంతుల్లో రెండొంతులు నాకు పడ్డాయి. కిశోర్ నా వైపు చూసిన చూపు ఇంకా నా చొక్కాకు అంటుకునే ఉంది.

మరునాడు ఊరు కూర్చుంది. ప్రొక్లెయిన్ డ్రైవరు అప్పటికే చాప చుట్టుకుని వెళ్లిపోయాడు. ముత్యాలయ్య మామ ముఖం వాడిపోయి ఉంది. పాపం, ఆయన మాటిచ్చిన మనిషి. దురాయి దాటినవాళ్లు లేవండి అన్నాడు. ముందుగా ఆడవాళ్ల వైపునుంచి మాలకొండమ్మ లేచింది. "నేనేసినా" అంది. చిట్టవ్వ మనవరాలి భుజం పట్టుకుని లేచింది. చిన్నపోలయ్య లేవలేడు కాబట్టి చెయ్యెత్తాడు. ఆ తర్వాత ఒక్కొక్కరూ లేస్తూనే ఉన్నారు. చివరికి కూర్చున్నవాళ్లే తక్కువయ్యారు.

ముత్యాలయ్య మామ వాళ్లందరినీ చూశాడు. వీళ్లను పడవ ఎక్కించుకోకూడదంటే పడవలన్నీ ఒడ్డునే ఉండాలి. వీళ్ల చేప కొనకూడదంటే కొనేవాళ్లు కూడా వీళ్లే. ఆ సంగతి అందరికీ ఒకేసారి తోచింది. ఆయన తల గోక్కుని నా వైపు తిరిగాడు.

"గంగులూ, నువ్వేందిరా కూర్చోనుండావు?"

అవునక్కా. నేను కూర్చునే ఉన్నాను. అంతమంది నిలబడ్డచోట ఇస్త్రీ చొక్కా వేసుకుని నేల మీద కూర్చున్నాను. అబద్ధమాడి లేచి నిలబడదామని ఒక్క క్షణం అనిపించింది. లేవలేదు. "ఊరి మాట నేను దాటలేదు మామా. ఆయనకే ఏసినా" అన్నాను.

నవ్వుతారనుకున్నాను. నవ్వితే బాగుండేది. ఎవరూ నవ్వలేదు. మాలకొండమ్మ నన్ను ఒకసారి చూసి తల తిప్పుకుంది. దురాయి పోతుందని, మొగ ఆగిపోతుందని, అది నా ఒక్క ఓటు వల్లే అవుతుందని భయపడ్డాను. నా మాట నమ్మి, పడవా రేవూ పోయినా సరేనని, అంతమంది ఆ బటన్ నొక్కారు. నన్ను నమ్మనివాడు ఊళ్లో నేనే. నాకు చాలా సిగ్గుగా ఉంది. ఈ ఉత్తరాల్లో నేను వేసిన వేళాకోళాలన్నీ ఈ సిగ్గును దాచుకోవడానికేనేమో అనిపిస్తోంది.

ముత్యాలయ్య మామ దురాయి ఎత్తేశానన్నాడు. మరి మొగ సంగతి? ఎమ్మెల్యే గారి దగ్గరికి ఎవరో ఒకరు పోయి అడగాలి. తనకు ముఖం చెల్లదన్నాడు. అందరూ నన్నే పొమ్మన్నారు. నేను తగనన్నాను. నాకు నేనే వేసుకోనివాణ్ణి, మీ తరఫున ఏమని పోతానన్నాను. అప్పుడు చిట్టవ్వ నిలబడ్డచోటునుంచే అంది:

"నువ్వు ఏసుకోకపోతే పోనీలే. మేం ఏసినాం గదా. ఆ ఓట్లు మావి, నీవి కాదు. పోయి అడుగు."

సోమవారం వెళుతున్నాను. నాకు మాట్లాడడం వచ్చు గానీ అర్జీ రాయడం రాదు. నువ్వు బాగా రాస్తావు కదా, రాసి పంపు. నన్ను తిట్టాలంటే అందులోనే చివర్న రాయి, ఆ పేజీ చించుకుని మిగతాది ఆయనకిస్తాను.

గంగులయ్య


సూళ్లూరుపేట,
జూన్ 12.

ఒరే గంగులూ,

తిట్టలేను. ఎందుకో చెబుతాను, నువ్వు కూడా ముందు కూర్చో.

పోలింగు రోజు నేను ఊరికి వచ్చాను. తెల్లవారుజామున బయల్దేరి, బస్సులు మారి, మధ్యాహ్నానికి చేరాను. నువ్వు జీపులో ఎక్కడో తిరుగుతున్నావు. నీకు చెప్పొద్దని మాలకొండమ్మను నేనే బతిమాలాను. నీకు నేను వేసి, ఆ సంగతి తర్వాత ఎప్పుడో చెప్పి, నిన్ను ఏడిపిద్దామనుకున్నాను. దారి పొడుగునా రెండోది, రెండోది అని అనుకుంటూనే ఉన్నాను.

లోపలికి వెళ్లాను. అట్టముక్క చాటున నిలబడ్డాను. నా వేలు దానంతటదే పైదాని మీదికి పోయింది. ఎన్నేళ్లుగానో అక్కడికే పోయిన వేలు. మిషన్ కూత పెట్టింది. గాజు వెనక చీటీ కనబడింది, దాని మీద బెండకాయ లేదు. తప్పు నొక్కాను, ఇంకోసారి నొక్కుతానని అక్కడి ఆఫీసర్ని అడిగాను. పొమ్మన్నాడు. మూడు ఉత్తరాల పొడుగునా నీకు పాఠం చెప్పిన మనిషిని, చప్పట్లు మొదలుపెట్టినట్టే ఇది కూడా ముందు చేసేసి తర్వాత చూసుకున్నాను.

మాలకొండమ్మ అన్నం పెట్టింది. ఎవరికి వేశావు వదినా అని అడగలేదు. నీకే వేసి ఉంటానని ఆమెకు అంత నమ్మకం. సగం అన్నం వదిలేసి లేచాను. చిన్నపోలయ్యను చూడకుండానే, నువ్వొచ్చేలోగా బస్సెక్కేశాను. వాడి ముఖం చూడలేక వచ్చేశాను, మోకాళ్ల నొప్పి కాదు.

అర్జీ రాశాను. పంపను, నేనే తెస్తాను. సోమవారం పొద్దున వెంకటాచలం బస్టాండులో ఉంటాను. కరుణాకుమారి కూడా వస్తానంది. నేను మళ్లీ ఎక్కడైనా చప్పట్లు కొట్టబోతే చెయ్యి పట్టుకోవడానికట.

గేటు దగ్గర ఆపుతారు. మీ ఊరు మాకు ఓటెయ్యలేదు, ఏ ముఖంతో వచ్చారని అడుగుతారు. అప్పుడు తల దించుకోవద్దు. మొగదిబ్బపాలెంలో వాళ్లకు వేసినవాళ్లు కొద్దిమందే ఉన్నారు, అందులో ఇద్దరం మేమేనని నిజమే చెబుదాం. ఎమ్మెల్యే గారు మనల్ని కూర్చోబెట్టి వినక తప్పదు. నీకు వేసినవాళ్లందరి ఓట్ల తరఫున నువ్వు అడుగు. నువ్వు ఆగిపోయిన చోట నేను అడుగుతాను.

నీ అక్క,
వనజాక్షి